డొక్కా సీతమ్మగారి పుట్టింటివారు - రికార్డులలో ఒక గోదావరి స్త్రీ జాడ



శతవార్షికోత్సవ సంచిక అనగానే మొదటి మిషనరీలు, మొదటి ఆలయములు, మొదటి బిషప్పులు మనకు జ్ఞాపకము వచ్చుట సహజము. ఆ చరిత్రను పెద్దలకు విడిచి, మన ప్రాంతములో పుట్టి పెరిగిన ఒక స్త్రీ కుటుంబ చరిత్రను గూర్చి ఈ వ్యాసము వ్రాయుచున్నాను. ఆమె మన సంఘ సభ్యురాలు కాదు. మనకు పొరుగింటి మనిషి. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టునుండి కొద్ది మైళ్ళ దూరములోనే ఆమె మెట్టిన ఊరున్నది. ఆమె పేరు ఎరుగనివారు కోనసీమలో లేరు. లంకల గన్నవరము డొక్కా సీతమ్మగారు.

ఆమెను ఎన్నుకొనుటకు కారణము కలదు. పందొమ్మిదవ శతాబ్దములో పుట్టిన ఒక స్త్రీ తల్లిదండ్రులెవరు, పుట్టిల్లు ఎక్కడ, ఆమెకు ఏమి ఆస్తి ఉండెను, ఎప్పుడు చనిపోయెను అని ప్రభుత్వ రికార్డులలో వెదకినయెడల ఏమి దొరకును? ఇంత పేరుపొందిన స్త్రీ విషయములోనే వెదుకులాట ఎంత కష్టమో చూచినయెడల, పేరు పొందని మన నాయనమ్మలు, అమ్మమ్మల సంగతి ఏమగుచున్నదో మనకు అర్థమగును. మన సంఘ రిజిస్టర్లు ఎందుకు కాపాడుకొనవలెనో కూడ అర్థమగును.

ఆమెను గూర్చి మనకు తెలిసినది

జీవితచరిత్రలు చెప్పు ప్రకారము సీతమ్మగారు 1841లో మండపేటలో జన్మించారు. తండ్రి అనుపిండి భవానీశంకరముగారు, తల్లి నరసమ్మగారు. తండ్రిగారు ఆకలితో వచ్చినవారికెల్ల అన్నము పెట్టువాడు గనుక ఊరివారు ఆయనను 'బువ్వన్న' అని పిలిచేవారట. తల్లి చిన్నతనములోనే చనిపోగా ఇంటి భారము ఈ బాలికపై పడినది. లంకల గన్నవరమునకు చెందిన డొక్కా జోగన్నగారు, వేదపండితుడు, భూవసతి గలవాడు, ఒకసారి మండపేటలో వారి ఇంట ఆతిథ్యము పొంది, ఆ ఆదరణను చూచి ఆమెను వివాహమాడినారు.

గన్నవరము గోదావరి పాయల మధ్య, రేవు దాటి పోవువారు ఆగు చోటు. వంతెనలు లేని రోజులు. వరద వచ్చినయెడల బాటసారులు రోజుల తరబడి చిక్కుకొనిపోయేవారు. ఆ ఇంటి పొయ్యి ఆరేది కాదని, వచ్చినవారి కులము అడిగేవారు కారని మన పెద్దలు చెప్పగా విన్నాము. అంతర్వేది నరసింహస్వామి దర్శనమునకు బయలుదేరి, దారిలో విశ్రమించినపుడు, "గన్నవరము చేరితే సీతమ్మగారింట అన్నము తిందుము" అని పిల్లలతో చెప్పుకొనుచు పోవు బాటసారుల మాట విని, ఆమె దర్శనము మానుకొని వెనుకకు మరలివచ్చిన సంగతి మన జిల్లాలో చిన్నపిల్లలకు కూడ తెలుసును. 1909లో ఆమె మరణించారు. 2000 సంవత్సరములో గన్నవరము వద్ద నిర్మించిన క్రొత్త అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు కూడ ఆమె పేరే పెట్టినది.

ఈ సంగతులు జనుల జ్ఞాపకములోనుండి, జీవితచరిత్రలలోనుండి వచ్చినవి. ఇక రికార్డుల వైపు చూతము.

పుట్టుకకు సర్కారు సాక్షి లేదు

1841లో మన దేశములో జననములు నమోదు చేయు చట్టము లేదు. కుంఫిణీ ప్రభుత్వమునకు శిస్తు ఎంత వచ్చునన్నది ముఖ్యము. ఏ ఇంట ఏ బిడ్డ పుట్టెనన్నది దాని లెక్కలోనిది కాదు.

ఇది మన దేశమునకు మాత్రమే పట్టిన కొరత అనుకొనవద్దు. ఇంగ్లండులో ప్రభుత్వము జనన మరణములను నమోదు చేయుట 1837 జూలై 1న మాత్రమే మొదలైనది. గోదావరి డెల్టాకు సువార్త తెచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ అనువారు తమ భార్యలతో కలిసి బార్న్‌స్టేపుల్ పట్టణము విడిచి ఓడ ఎక్కినది 1836లో. అనగా రిజిస్ట్రారు కార్యాలయము తలుపు తెరువక ముందే వారు ఇల్లు విడిచారు. ఆ ఇద్దరు స్త్రీల పుట్టింటివారిని వెదకువారికి సర్కారు రిజిస్టరు ఉపయోగపడదు. అంతకు పూర్వపు బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లలోనే చూడవలెను. ఇంగ్లండులో ప్రతి సంఘము ఇట్టి రిజిస్టర్లు వ్రాయవలెనన్న ఆజ్ఞ 1538లోనే వెలువడినది. 1813నుండి అచ్చువేసిన బాప్తిస్మ పుస్తకములలో తండ్రి పేరుతోపాటు తల్లి పేరు కూడ వ్రాయుటకు స్థలము ఏర్పరచారు. అయితే అందులో తల్లికి పెట్టిన పేరు ఉండును గాని ఆమె పుట్టింటిపేరు ఉండదు. దానికొరకు వివాహ రిజిస్టరు తెరువవలెను. రెండు పుస్తకములను ప్రక్క ప్రక్కన పెట్టినపుడే ఒక స్త్రీ కుటుంబము బయటపడును.

మండపేటలో పుట్టిన బాలికకు అట్టి పుస్తకము లేదు. వేదపండితుల ఇండ్లలో జాతకము వ్రాయించుట వాడుక. 1841 ఉగాది మొదలు నడచినది ప్లవ నామ సంవత్సరము. తెలుగు సంవత్సరములు 60 ఏండ్లకొకసారి తిరిగి వచ్చును. 1901లోను ప్లవయే, 1961లోను ప్లవయే, 2021లోను ప్లవయే. కావున తాటాకుపై ప్లవ అని మాత్రమే ఉన్నపుడు దాని ప్రక్కన మరియొక ఆధారము పెట్టి చూడనిదే శతాబ్దము తేలదు. పాత పత్రములు చదువువారు చేయవలసిన మొదటి పరీక్ష ఇదే.

మరియొక చిక్కు జిల్లాల మార్పులలో ఉన్నది. ఆమె పుట్టిన కాలములో మన ప్రాంతము రాజమండ్రి జిల్లాలోనిది. 1859లో గోదావరి జిల్లా ఏర్పడినది. 1925లో అది విడిపోయి తూర్పు గోదావరి జిల్లా అయినది. 2022లో కోనసీమ ప్రత్యేక జిల్లా అయినది. ఊరు కదలలేదు గాని ఊరి కాగితములు కచేరీ వెంబడి తిరిగినవి. ఆ కాలపు రికార్డును కోనసీమ అని వెదకినవారికి ఏమియు దొరకదు. ఆనాటి జిల్లా పేరు, తాలూకా పేరు పట్టుకొని వెదకవలెను.

ఇంటిపేరు అను గోడ

సీతమ్మగారు పుట్టుకతో అనుపిండివారి పిల్ల. పెండ్లితో డొక్కావారి కోడలు. తెలుగు కుటుంబములలో ఇంటిపేరు ఎంత ముఖ్యమో మనకందరికి తెలుసును. పేరడిగినవారు వెంటనే ఇంటిపేరు అడుగుదురు. అయినను పెండ్లినాడు ఆడపిల్ల ఇంటిపేరు మారిపోవును. ఆ తరువాత వ్రాసిన ప్రతి కాగితములోను ఆమె 'ఫలానావారి భార్య', లేక 'ఫలానావారి వితంతువు'. తండ్రి పేరు కనబడదు. తల్లి పేరు అసలే కనబడదు.

సీతమ్మగారి విషయములో జనుల జ్ఞాపకము ఈ గోడకు ఒక కిటికీ ఉంచినది. ఆమె చేసిన అన్నదానమును చెప్పువారు 'బువ్వన్న కూతురు గదా' అని చెప్పుకొన్నారు. ఆ ఒక్క మాటవలన అనుపిండి అను ఇంటిపేరు మిగిలినది. లేనియెడల సీత అను పేరు గల స్త్రీలు గోదావరి ఒడ్డున వేలమంది. వారిలో ఈమెను పుట్టింటికి చేర్చుటకు దారి ఉండేది కాదు.

గోదావరికి ఆవలి ఒడ్డున యానాములో మరియొక పద్ధతి ఉండెను. 1954 వరకు యానాము ఫ్రెంచివారి పాలనలో ఉన్నది. ఫ్రెంచి పౌర రిజిస్టర్లలో వివాహ పత్రము వ్రాయునపుడు వధువును ఆమె స్వంత పేరుతో, ఆమె తండ్రి పేరుతో, ఆమె తల్లి పేరుతో వ్రాయుట నియమము. యానాము పాత రిజిస్టర్లు ఫ్రాన్సులోని ఎక్స్-అన్-ప్రోవాన్స్ పట్టణములో, వలస దేశముల రికార్డులు ఉంచు భవనములో ఉన్నవి. ఒకే నది, ఒకే భాష, ఒకే రకపు బంధుత్వములు. అయినను ఒక ఒడ్డున స్త్రీ పుట్టింటిపేరు కాగితము మీద నిలిచినది, రెండవ ఒడ్డున నిలువలేదు. లోపము మన బంధుత్వములలో లేదు, ఫారములో ఉన్నదని దీనివలన తెలియుచున్నది.

అమెరికా దక్షిణ రాష్ట్రములలో పూర్వికులను వెదకువారు ఇంతకంటె కఠినమైన గోడను ఎదుర్కొనుచున్నారు. అచ్చట 1850 వరకు జనాభా లెక్కలలో ఇంటి యజమాని పేరు మాత్రమే వ్రాసేవారు. భార్య, కుమార్తెలు అంకెలుగానే ఉండిరి. 1850లో స్వతంత్రులందరి పేర్లు వ్రాసినారు గాని బానిసలను 1850లోను, 1860లోను యజమాని పేరు క్రింద వయస్సు, లింగము, రంగు మాత్రము వేసి పేరు లేకుండ లెక్కించారు. విడుదల పొందిన నల్లజాతి కుటుంబములు పేర్లతో కనబడిన మొదటి లెక్క 1870లోనిది. ఒక తల్లిని అంతకు వెనుక వెదకవలెనన్నచో ఆమెను ఆస్తిగా కలిగియుండిన వాని వీలునామాలో, అమ్మకపు పత్రములో చూడవలసినదే. ఎంత విచారకరమైన సంగతి!

రికార్డు ఆస్తి వెంట నడుచును

మన దేశపు ప్రభుత్వ రికార్డులలో లోతైనవి భూమి రికార్డులు. గోదావరి డెల్టాలో వేదపండితుల కుటుంబములకు ఇనాములు ఉండుట సాధారణము గనుక అట్టి కుటుంబమును వెదకువారు మొదట ఇనాము రిజిస్టరు చూచెదరు. 1858లో మద్రాసు రాజధానిలో ఇనాము కమిషను ఏర్పడి, ప్రతి ఇనామును విచారించి, మొదట ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, ఇప్పుడు అనుభవించువారెవరు, వారి వయస్సు ఎంత, మొదటి గ్రహీతకు వారు ఏమగుదురు అని గడులు గీసి వ్రాసినది. వంశవృక్షము వ్రాయుట ఆ అధికారుల ఉద్దేశము కాదు. అయినను శిస్తు తేల్చుటకు వ్రాసిన ఆ గడులు ఈనాడు మనకు వంశవృక్షమగుచున్నవి.

ఆ తరువాత సెటిల్మెంటు రిజిస్టర్లు వచ్చినవి. ఇంగ్లీషు, తెలుగు రెండు భాషలలో ఉండుటవలన కరణములు వీనిని డైగ్లాటు అనేవారు. సర్వే నంబరు, విస్తీర్ణము, శిస్తు, పట్టాదారు పేరు అందులో ఉండును. వీనిలో సంవత్సరములు ఫసలీలలో ఉండును. ఫసలీకి 590 కలిపినయెడల క్రీస్తు శకము వచ్చును. ఫసలీ 1318 అన్నచో 1908 జూలైనుండి 1909 జూన్ వరకు.

ఈ పుస్తకములలో స్త్రీ పేరు ఎప్పుడు కనబడును? భర్త జీవించియున్నంత కాలము పట్టా అతని పేరుననే ఉండును. వితంతువైన తరువాత, అదియు భర్త విడిపోయిన ఆస్తి గలవాడై మగసంతానము లేనపుడు, ఆమె పేరు వచ్చును. ఉమ్మడి కుటుంబములో వితంతువుకు 1937 చట్టము వచ్చువరకు తిండి బట్టకే హక్కు. భాగమునకు హక్కు లేదు.

రిజిస్ట్రేషను కార్యాలయములో మాత్రము కొంత ఆశ కలదు. 1864లో చేసిన రిజిస్ట్రేషను చట్టము ప్రకారము 100 రూపాయలకు తక్కువ కాని స్థిరాస్తి అమ్మకమును తప్పక రిజిస్టరు చేయవలెను. సబ్ రిజిస్ట్రారు ఆ పత్రమును పుస్తకములోనికి ఎత్తి, వ్రాసి ఇచ్చినవారి పేర్లకు ఒక సూచిక, ఆస్తికి ఒక సూచిక ఉంచును. అన్నదానమువలన డొక్కావారి భూములు తరిగిపోయినవని చెప్పుకొందురు. భూమి చేతులు మారిన ప్రతిసారి ఒక పత్రము పుట్టియుండవలెను. కావున ఇట్టి కథను కాగితముతో సరిచూచుటకు సరియైన చోటు పేర్ల సూచిక. కాని ఒక సంగతి గమనించండి. పెట్టిన అన్నము ఏ సూచికలోను ఉండదు. అన్నము పెట్టుటకు అమ్మిన పొలము మాత్రమే ఉండును.

బైబిలు చదువరులకు ఇది క్రొత్త కాదు. సంఖ్యాకాండము 27వ అధ్యాయములో సెలోపెహాదు కుమార్తెలైన మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అను ఐదుగురి పేర్లు వరుసగా వ్రాయబడినవి. అరణ్యములో వారి వయస్సు గల స్త్రీలు వేలమంది ఉండియుందురు. ఈ ఐదుగురి పేర్లు మనకు తెలియుటకు కారణము వారు మోషే ఎదుట నిలిచి తండ్రి స్వాస్థ్యము అడిగిరి. భూమి విషయము వచ్చినది గనుక పేరు వచ్చినది.

గ్రామములో ఈ లెక్కలన్నియు కరణముగారి ఇంట ఉండేవి. 1984 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కరణము, మునసబు ఉద్యోగములను రద్దుచేసినది. ఆ పుస్తకములలో కొన్ని కచేరీకి చేరినవి, కొన్ని అటకలమీదనే మిగిలినవి. చెదలకు, గోదావరి తేమకు, తుఫానులకు పోయినవి ఎన్నో.

లెక్కింపబడినది, వ్రాయబడలేదు

1871లో మద్రాసు రాజధానిలో సక్రమమైన జనాభా లెక్కలు తీసారు. సీతమ్మగారికి అప్పటికి 30 ఏండ్లు. ఆ తరువాత 1881, 1891, 1901లలోను ఆమె లెక్కలోనికి వచ్చియుందురు. అయినను మన దేశపు లెక్కలలో మొత్తములు అచ్చువేసి, ఇంటింటి పేర్లున్న కాగితములను నిలువ ఉంచలేదు. కావున ఇంగ్లండులో, అమెరికాలో వలె జనాభా లెక్కలనుబట్టి కుటుంబమును వెదకుట మనకు వీలుపడదు. పైగా ఆ కాలపు సూచనలలో, స్త్రీల పేర్లు చెప్పుటకు ఇంటివారు అభ్యంతరము చెప్పినయెడల పేరు గడిలో 'స్త్రీ' అని వ్రాసినచో చాలునని గణకులకు చెప్పియున్నారు.

మరణము సంగతి కొంత మేలు. మద్రాసు ప్రభుత్వము 1899లో జనన మరణముల నమోదుకు చట్టము చేసినది. ఆ చట్టము వర్తించిన గ్రామములలో మునసబు రిజిస్టరు వ్రాయవలెను. 1909లో జరిగిన మరణము ఆ కాలములోనిది. పందొమ్మిదవ శతాబ్దపు స్త్రీకి తరచుగా ఇట్లే జరుగును. ఆమె రావడము ఎవరును వ్రాయలేదు, పోవడము మాత్రము వ్రాయవలసి వచ్చినది. అందుచేత కుటుంబ చరిత్ర వెదకువారు చివరనుండి మొదలుపెట్టి వెనుకకు నడచుట మంచిది. మరణమునుండి వైధవ్యమునకు, వైధవ్యమునుండి వివాహమునకు, వివాహమునుండి పుట్టింటికి.

పట్టాభిషేకపు ఛాయాచిత్రము

సీతమ్మగారిని గూర్చి అందరు చెప్పు కథ ఒకటి కలదు. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక సందర్భమున ఆమెను ఆహ్వానించగా, అతిథులను విడిచి రాలేనని ఆమె చెప్పెననియు, కలెక్టరు ఆమె ఛాయాచిత్రము తీయించి పంపగా, చక్రవర్తి దానిని ఆసనముపై ఉంచి నమస్కరించెననియు చెప్పుదురు. కొందరు దీనిని 1903లో ఢిల్లీలో జరిగినట్లు చెప్పుదురు.

ఇక్కడ రికార్డు మనకు సాయపడును. ఎడ్వర్డు పట్టాభిషేకము లండనులో 1902 ఆగస్టు 9న జరిగినది. ఆయన జబ్బుపడుటవలన జూన్ 26న జరుగవలసినది వాయిదాపడినది. ఢిల్లీ దర్బారు 1903 జనవరి 1న జరిగినది. ఆ దర్బారుకు చక్రవర్తి రాలేదు. ఆయన తమ్ముడు డ్యూక్ ఆఫ్ కనాట్ వచ్చాడు. వైస్రాయి కర్జను ప్రభువు దర్బారు నడిపాడు. కావున చక్రవర్తి ఢిల్లీలో నమస్కరించెనన్న రూపములో కథ నిలువదు.

దీనివలన ఆమె గౌరవము తగ్గినదా? తగ్గలేదు. కథలో రెండు పొరలున్నవి. పై పొరలో రాజు నమస్కారమున్నది. క్రింది పొరలో ఒక గ్రామ స్త్రీ, ఇంట ఆకలితో ఉన్నవారిని విడిచి రాజు పిలుపుకైనను పోను అనుట ఉన్నది. జనులు నిజముగా దాచుకొన్నది ఈ రెండవ దానినే. అంతర్వేది కథలోను ఇదే మనసు కనబడును. తారీఖులు సరిచూచినపుడు పై పొర సడలును గాని మనిషి మరింత స్పష్టముగా కనబడును. సంఘ చరిత్ర వ్రాయు మనము కూడ ఈ పద్ధతి నేర్చుకొనవలెను. మన పెద్దలు చెప్పిన సాక్ష్యములను కొట్టివేయనక్కరలేదు. తారీఖులతో సరిచూచుటకు భయపడనక్కరలేదు.

ఆమె పంక్తిలో కూర్చున్న స్త్రీలు

సీతమ్మగారి ఇంట విస్తరి ముందు కూర్చున్న స్త్రీలెవరు? రేవు దాటు కూలివారు, వరదలో గుడిసె పోయినవారు, బిడ్డనెత్తుకొని పుట్టింటికి పోవువారు. వారికి పట్టా లేదు, పత్రము లేదు, జాతకము లేదు. 1847నుండి 1852 వరకు కాటను దొరగారు ధవళేశ్వరము ఆనకట్ట కట్టించారు. ఆ వెంటనే లెఫ్టినెంటు హేగ్ దొరగారు గన్నవరము వద్ద వైనతేయ గోదావరిపై 49 ఖానాల అక్విడక్టు కట్టించి నగరము లంకకు నీరు పారించారు. తరువాత దుమ్ముగూడెములో కోయవారి మధ్య సువార్త పనికి ఆరంభకుడైనది ఈ హేగ్ దొరగారే. ఆయన పేరు అందరికి తెలియును. ఆ ఖానాలకు మట్టి మోసిన స్త్రీల పేర్లు ఏ పుస్తకములోను లేవు.

ఆశ్చర్యమేమనగా, ఆ కాలములో పేద తెలుగు స్త్రీని పేరుపెట్టి, తండ్రి పేరుతో, ఊరి పేరుతో వ్రాసిన ప్రభుత్వ పుస్తకములు సముద్రము అవతల ఉన్నవి. కోరంగి రేవునుండి మారిషసుకు పోయిన తెలుగువారిని అక్కడ 'కోరంగీలు' అన్నారు. అక్కడి వలస రిజిస్టర్లు ఈనాడు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగా ఉన్నవి. దక్షిణాఫ్రికాలోని నేటాలుకు 1860నుండి 1911 వరకు 152,184 మంది ఒప్పంద కూలీలుగా పోయారు. వారిలో ఎక్కువమంది మద్రాసు రేవునుండి పోయినవారు. ప్రతి ఓడకు ఒక జాబితా ఉన్నది. నంబరు, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, శరీరముపై పుట్టుమచ్చ. ఈ వివరములు వ్రాసినది ఆమెమీద ప్రేమతో కాదు. పారిపోయినయెడల పట్టుకొనుటకు, ఒప్పందము తీరువరకు నిలుపుటకు. అయినను ఆ జాబితాలను పట్టుకొనియే ఈనాడు మునిమనుమలు గోదావరి జిల్లాలోని గ్రామము పేరు కనుగొనుచున్నారు. అట్లు పోయినవారిలో క్రైస్తవులు కూడ ఉండుటచేతనే 1903లో నెల్లూరునుండి తెలుగు బాప్తిస్టులు జాన్ రంగయ్యగారిని నేటాలుకు మిషనరీగా పంపారు.

సముద్రము దాటి వచ్చిన ఆ మునిమనుమరాలు ఊరు కనుగొన్నది అనుకొందము. తరువాత ఆమె ఎవరి తలుపు తట్టును? కరణము లేడు. జనాభా కాగితము లేదు. ఆమె పూర్వికులు క్రైస్తవులైనయెడల మన గుడి బీరువా తలుపే తట్టును.

మన బీరువాలో ఉన్నది

మన సంఘములలో అధికభాగము భూమిలేని కుటుంబములనుండి వచ్చినవి. భూమి రికార్డులో, దస్తావేజులో మన పూర్వికురాలికి చోటు లేదు. ఆమె పేరు మొదటిసారిగా కాగితముమీదికి వచ్చినది ఎక్కువగా బాప్తిస్మ రిజిస్టరులోనే. బడికి పోనిది, వేలిముద్ర వేయుటకు కూడ కచేరీ మెట్లు ఎక్కనిది, తన స్వంత పేరుతో అచ్చట వ్రాయబడినది. కొన్ని చోట్ల పాత పేరు, క్రొత్త పేరు రెండును వ్రాయబడుట కలదు. పాత పేరున్న ఆ ఒక్క గడి పోయినయెడల ఆమెకు ముందటి తరములన్నియు పోవును.

వివాహ రిజిస్టర్ల విషయము చెప్పవలెను. 1872 భారత క్రైస్తవ వివాహ చట్టము వివాహము జరిపించువారిపై రిజిస్టరు వ్రాసి, నకలు ప్రభుత్వ రిజిస్ట్రారుకు చేర్చు బాధ్యత పెట్టినది. కావున మన వివాహ రిజిస్టరు గుడి పుస్తకము మాత్రమే కాదు, ప్రభుత్వ రికార్డు కూడ. అందులో వధూవరుల పేర్లు, వయస్సు, వృత్తి, నివాసము, తండ్రుల పేర్లు ఉన్నవి. తల్లుల పేర్లకు ఆ చట్టపు ఫారములో గడి లేదు. నేను జరిపించిన ప్రతి వివాహములోను తొమ్మిది నెలలు మోసిన తల్లి ముందు బెంచీలో కూర్చుండగా ఆమె పేరు అడుగని ఫారము పూరించుచున్నాను.

మత్తయి సువార్త మొదటి అధ్యాయములోని వంశావళి మనకు కంఠస్థము. తామారు, రాహాబు, రూతు, మరియ అను పేర్లు అందులో ఉన్నవి. ఐదవ స్త్రీని మాత్రము ఊరియా భార్యగానే చెప్పియున్నది. ఆమె పేరు బత్షెబ అని మనకెట్లు తెలిసినది? సమూయేలు గ్రంథము తెరచుటవలన. ఒక పుస్తకములో లేని పేరు మరియొక పుస్తకములో నిలిచియుండుటవలన. రెండవ పుస్తకము పోయియున్నయెడల ఆమె మనకు ఎన్నటికిని 'ఫలానావారి భార్య' మాత్రమే.

కావున ఈ శతవార్షికోత్సవ సంవత్సరములో ప్రతి సంఘము నాలుగు పనులు చేయవలెనని మనవి.

మొదటిది, పాత బాప్తిస్మ, వివాహ, భూస్థాపన రిజిస్టర్లను బయటికి తీసి, దుమ్ము దులిపి, పేజీ పేజీకి ఫోటో తీయించి, ఒక ప్రతి సంఘములోను, ఒక ప్రతి డయాసిస్ కార్యాలయములోను ఉంచవలెను. చిరిగిన పేజీలకు ప్లాస్టిక్ టేపు అంటించవద్దు. ఆ జిగురే కొంతకాలమునకు సిరాను, కాగితమును తినివేయును.

రెండవది, ఇకమీదట బాప్తిస్మము, వివాహము వ్రాయునప్పుడు తల్లి పేరు, ఆమె పుట్టింటిపేరు, పుట్టిన ఊరు రిమార్కుల గడిలోనైనను వ్రాయవలెను. చట్టపు ఫారము అడుగకపోయినను, వ్రాయవద్దని అది చెప్పలేదు.

మూడవది, భూస్థాపన రిజిస్టరులో 'ఫలానావారి తల్లి' అని వ్రాసి విడువవద్దు. సమాధి రాతిమీద కూడ ఆమె పేరు చెక్కించండి.

నాలుగవది, మీ ఇంటిలో 80 ఏండ్లు దాటిన స్త్రీ ఉన్నయెడల ఈ వారమే ఆమె ప్రక్కన కూర్చుండి అడుగండి. నీ తల్లి పేరేమి, ఆమె తల్లి పేరేమి, వారి ఇంటిపేరేమి, ఏ ఊరినుండి వచ్చారు? ఆమె చెప్పినది ఒక నోటుబుక్కులో తారీఖుతో వ్రాయండి. ముగ్గురు స్త్రీల పేర్లు చెప్పగలిగినయెడల మీరు నూరేండ్లు వెనుకకు పోయినట్లే.

సీతమ్మగారి పుట్టింటిపేరు ఆమె పెట్టిన అన్నమువలన మిగిలినది. మన తల్లులు కూడ అన్నము పెట్టినవారే. వారి పేర్లు మిగులుట మనము ఈ సంవత్సరము బీరువా తెరచుటమీద ఆధారపడియున్నది. దేవుడు ఈ పనిలో మనకు తోడైయుండును గాక.